పేరు లేని పాత ఫిల్ము కెమెరా పెద్ద పేర్ల ముందు నిలబడుతుందా?

పాత సామాన్ల మధ్య మీకు ఒక కోనికా ఆటోరిఫ్లెక్స్ టీ3 దొరికింది. దానికి 50 మి.మీ. ఎఫ్/1.7 హెక్సనాన్ లెన్సు ఉంది. దానితో ఫిల్ము ఫొటోగ్రఫీ నేర్చుకుందామని మీరు ఉత్సాహపడుతుంటే, తెలిసినవాళ్లు అది ఎవరూ పట్టించుకోని కెమెరా అన్నారు. దాన్ని వదిలించుకుని నైకానో కాననో, వీలైతే లైకానో కొనుక్కోమన్నారు. వాళ్ల మాట వినాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వినకండి. ముప్పై ఏళ్లుగా ఇలాంటి కెమెరాలను విప్పుతూ, బాగుచేస్తూ, వాటితోనే ఫొటోలు తీస్తూ వస్తున్నాను. ఫొటో నాణ్యత వరకు మీ కోనికా ఏ పెద్ద పేరుకూ తీసిపోదు. యంత్రంగా చూస్తే కొన్ని చోట్ల తీసిపోతుంది. ఆ చోట్లు ఏమిటో కూడా దాచకుండా చెబుతాను. అయితే ఈ రెండిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. తయారై యాభై ఏళ్లు దాటిన వస్తువు విషయంలో ఏ కంపెనీది అన్న ప్రశ్న కన్నా, ఇప్పుడు ఎలా ఉంది అన్న ప్రశ్నే పెద్దది. మీకు సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరైనా ఆ కెమెరాను చేతిలోకి తీసుకుని షట్టర్ నొక్కి చూశారా? చూసి ఉంటే ఆ సంగతి మీరు రాసేవారు.

ముందు పేర్ల సంగతి చూద్దాం. నిప్పాన్ కోగాకు అనే జపాన్ కంపెనీ గురించి 1950 వరకు ఆ దేశం బయట తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఆ ఏడాది అమెరికన్ ఫొటో జర్నలిస్టు డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఆ కంపెనీ తయారుచేసిన నిక్కార్ లెన్సులను పరీక్షించి, నచ్చి, తన లైకా కెమెరాలకు తగిలించుకుని కొరియా యుద్ధానికి వెళ్లారు. ఆ ఫొటోల స్పష్టత చూశాక మిగతా విలేకరులు కూడా ఆ లెన్సుల కోసం ఆరా తీయడం మొదలుపెట్టారు. ఆ కంపెనీయే నేటి నైకాన్. అంతకుముందు 1930ల్లో, కానన్ తొలి కెమెరాగా అమ్ముడైన హన్సా కానన్‌కు లెన్సు చేసి ఇచ్చిందీ ఈ నిప్పాన్ కోగాకుయే. అంటే ఈనాడు మీకు పెద్ద పేర్లుగా చెబుతున్న రెండు కంపెనీల్లో ఒకటి ఒకప్పుడు రెండోదానికి లెన్సులు సరఫరా చేసింది, ఆ రోజుల్లో రెండూ జపాన్ బయట దాదాపు ఎవరికీ తెలియని పేర్లే.

తర్వాతి కాలంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఇంకా పెరిగాయి. 1973లో వచ్చిన లైకా సీఎల్ అనే చిన్న రేంజ్‌ఫైండర్‌ను (రెండు కిటికీల్లోంచి వచ్చే దృశ్యాలను ఒకటిగా కలిపి ఫోకస్ చేసే కెమెరాను) తయారుచేసింది జపాన్‌లోని మినోల్టా. 1976 నాటి లైకా ఆర్3కి పునాది మినోల్టా ఎక్స్‌ఈ. 1980 నాటి లైకా ఆర్4కి పునాది మినోల్టా ఎక్స్‌డీ. లైకా వాళ్లు వాటిలో వెలుతురును కొలిచే మీటరు పనిచేసే తీరును మార్చారు, తమ పద్ధతిలో తనిఖీలు చేశారు. అందుకని రెండూ అచ్చంగా ఒకటేనని నేను అనను. కానీ ఆర్4 చేతిలో ఉన్న మనిషి ఎక్స్‌డీని చూసి పెదవి విరవడం మాత్రం అన్యాయం. అలాగే కొసీనా అనే కంపెనీ ఉంది. సొంత పేరుతో అమ్మినప్పుడు దాన్ని లెక్కచేసినవాళ్లు తక్కువ. నైకాన్ ఎఫ్ఎం10, కానన్ టీ60, ఒలింపస్ ఓఎం-2000 మూడూ దాని కర్మాగారంలోనే తయారయ్యాయి. మూడు పెద్ద పేర్లు, లోపలి చట్రం దాదాపు ఒకటే. యాషికా ఎఫ్ఎక్స్-3 కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆ తేలికపాటి, నిరాడంబరమైన కెమెరాకు కాంటాక్స్ కెమెరాల కోసం జర్మన్ కంపెనీ జైస్ రూపొందించిన ప్లానార్ లెన్సు నేరుగా తగులుతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు దాన్ని వదులుకోరు.

మీ కోనికా దగ్గరికి వస్తాను. దానిలో ఉన్నది కొపాల్ స్క్వేర్ కుటుంబానికి చెందిన షట్టర్. లోహపు రేకులు నిలువుగా కదిలే ఆ యంత్రాన్ని కొపాల్ అనే కంపెనీ విడిగా తయారుచేసి కెమెరా కంపెనీలకు అమ్మేది. నైకాన్ వారి నిక్కోర్‌మాట్‌లో అదే కుటుంబం షట్టర్, రికో సింగ్లెక్స్ టీఎల్ఎస్‌లోనూ అదే. నిక్కోర్‌మాట్ ఎంత మొండి కెమెరాయో అందరూ చెబుతారు. ఆ మొండితనంలో కొపాల్ వాటా చాలా ఉంది, ఆ వాటా మీ కెమెరాకూ దక్కింది.

కొత్తదనంలో కూడా చిన్న పేర్లు వెనకబడి లేవు. ఎస్ఎల్ఆర్ అంటే లెన్సు చూసే దృశ్యాన్నే లోపలి అద్దం ద్వారా మన కంటికి చూపే కెమెరా, ఎపర్చర్ అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం. లెన్సు గుండా వచ్చే వెలుతురును, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఉండగానే కొలిచే ఎస్ఎల్ఆర్ మొదటిసారి 1963లో టాప్‌కాన్ అనే కంపెనీ నుంచి వచ్చింది. నైకాన్ ఎఫ్‌కు లెన్సు గుండా కొలిచే మీటరు 1965లో గానీ రాలేదు. అదే 1965లో కోనికా ఆటో-రిఫ్లెక్స్ వచ్చింది. ఫోకల్ ప్లేన్ షట్టర్ (ఫిల్ముకు సరిగ్గా ముందు కదిలే షట్టర్) ఉన్న 35 మి.మీ. ఎస్ఎల్ఆర్‌లలో ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫిల్ము మీద పడే వెలుతురు మోతాదును, తానే నిర్ణయించుకున్న మొదటి కెమెరా అది. మీ టీ3 దాని వారసురాలు. షట్టర్ వేగం మీరు ఎంచుకుంటే ఎపర్చర్‌ను అది చూసుకుంటుంది. మరో సంగతి. 1962లో అమెరికన్ వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగినప్పుడు వెంట తీసుకెళ్లిన చిన్న కెమెరా మీద యాన్స్కో అనే పేరుంది, దాన్ని తయారుచేసింది మినోల్టా. అమెరికన్ ఫొటో జర్నలిస్టు యూజీన్ స్మిత్ 1970ల మొదట్లో జపాన్‌లోని మినమాటలో పాదరస విషానికి బలైన కుటుంబాల మధ్య ఉండి ఫొటోలు తీసినప్పుడు ఆయన చేతిలో ఉన్నవీ మినోల్టాలే.

ఇక లెన్సు. అసలు ఫొటోను గీసేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1960ల నుంచి దాదాపు ప్రతి కంపెనీ ఇచ్చిన 50 మి.మీ. లెన్సు డబుల్ గాస్ అనే నమూనాకు చెందినది. ఎపర్చర్‌కు ముందు కొన్ని గాజులు, వెనక కొన్ని గాజులు, అద్దంలో ప్రతిబింబంలాగా అటూ ఇటూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. ముందు సగం చేసిన తప్పులను వెనక సగం చాలావరకు సరిదిద్దుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, పాల్ రుడాల్ఫ్ 1896లోనే ప్లానార్ లెన్సులో దీన్ని వాడారు. గాజు మీద పూతలు వచ్చాక, మంచి రకాల గాజు దొరికాక, లెక్కలు వేయడానికి కంప్యూటర్లు వచ్చాక ఈ నమూనా అందరికీ అందుబాటులోకి వచ్చింది. పైగా 50 మి.మీ. లెన్సు కెమెరాతో పాటే వెళ్లేది. అది బాగా లేకపోతే కొన్నవాడు మొదటి రీలుకే కంపెనీని తిట్టుకుంటాడు. అందుకని చిన్న కంపెనీలు కూడా ఆ ఒక్క లెన్సు మీద ప్రాణం పెట్టాయి. హెక్సనాన్, రొక్కార్, యాషినాన్, రికెనాన్, తకుమార్ లెన్సుల్లో ఏది తీసుకున్నా ఆ శ్రద్ధ కనిపిస్తుంది. కొన్నిసార్లు ఆ వేర్వేరు పేర్ల వెనక ఉన్న చేయి కూడా ఒకటే. టొమియోకా అనే సంస్థ యాషికాకూ, రికోకూ, చినాన్‌కూ లెన్సులు చేసి ఇచ్చేది.

కొన్నేళ్ల క్రితం ఇదే వాదన మా మిత్రుల మధ్య వచ్చినప్పుడు మూడు కంపెనీల 50 మి.మీ. లెన్సులను పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే పెట్టెలోంచి తీసిన మూడు రీళ్లు, ఒకే ట్రైపాడ్, ఒకే గోడ, గోడ పక్కన ఒకే చెట్టు, ఒకే తొట్టిలో డెవలప్ చేయడం. ఎనిమిది అంగుళాల వెడల్పున ప్రింట్లు వేసి, వెనక పేర్లు రాసి, కలిపి ఇచ్చాను. ఎపర్చర్‌ను బాగా కుదించి ఎఫ్/8 దగ్గర తీసిన వాటిని ఏది ఏ లెన్సుదో ఒక్కరూ విడదీయలేకపోయారు. పూర్తిగా తెరిచి తీసిన వాటిలో ఒక ప్రింటును మాత్రం అందరూ వెంటనే పట్టుకున్నారు, దానిలో ఒక పక్క మూల మసకబారింది. తర్వాత ఆ లెన్సును విప్పితే అర్థమైంది. ఎవరో గతంలో శుభ్రం చేసి తిరిగి బిగించినప్పుడు ఒక గాజు కాస్త వంకరగా కూర్చుంది. సరిచేశాక అదీ మిగతావాటి వరసలోకి వచ్చింది. మేము వెతికిన తేడా కంపెనీది అనుకున్నాం, తీరా చూస్తే ఆ లెన్సుకు జరిగిన మరమ్మతుది.

తేడాలు అసలే ఉండవని మాత్రం చెప్పను. వెలుతురుకు ఎదురుగా తీసినప్పుడు పూతల తేడా బయటపడుతుంది. పెంటాక్స్ 1971లో పలు పొరల పూతను తన లెన్సులన్నిటికీ తెచ్చింది. ఒకే పొర ఉన్న పాత లెన్సుల్లో సూర్యుడు ఫ్రేములోకి వస్తే నలుపు బూడిదరంగులోకి తిరుగుతుంది. లెన్సుకు ముందు నీడపట్టే ఒక హుడ్ తగిలిస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. 50 మి.మీ. దాటి 20, 24 లాంటి విశాలమైన లెన్సుల్లోకి, పాత జూమ్‌లలోకి వెళ్తే పెద్ద కంపెనీల ఆధిక్యం నిజంగానే కనిపిస్తుంది. అక్కడ డిజైను కష్టం, తయారీ కష్టం, అమ్ముడయ్యేవి తక్కువ. చిన్న కంపెనీకి అంత ఖర్చు పెట్టే శక్తి ఉండదు. విడిగా దొరికే ఏదో ఒక పాత జూమ్ తగిలించి, ఫలితం చూసి కెమెరాను తప్పుపట్టేవాళ్లను చాలామందిని చూశాను. పాపం, కెమెరా తప్పు అక్కడ ఏమీ లేదు.

ఇప్పుడు పెద్ద పేర్లు నిజంగా గెలిచే చోటు చెప్పాలి. మొదటిది వ్యూఫైండర్. లైకా ఎం3 వ్యూఫైండర్‌లో ఒక్కసారి చూసినవాళ్లు దాన్ని మరచిపోరు. రేంజ్‌ఫైండర్ రెండు కిటికీల మధ్య దూరం దాదాపు 69 మి.మీ., దృశ్యం 0.91 రెట్ల పరిమాణంలో కనిపిస్తుంది. రెండూ గుణిస్తే ఫోకస్ కచ్చితత్వాన్ని చెప్పే కొలత 63 మి.మీ. వరకు వస్తుంది. జోర్కీ-4 అనే సోవియట్ కెమెరాలో అది 38 మి.మీ. దగ్గరే ఆగుతుంది. అంటే 50 మి.మీ. లెన్సుతో పగటిపూట తీసినంతకాలం రెండిటికీ తేడా తెలియదు. ఎఫ్/1.5 దగ్గర మసక వెలుతురులో ఒక మనిషి కంటిమీద ఫోకస్ పెట్టాలంటే తెలుస్తుంది. ఇక ఎం3లో ఫ్రేము గీతలు దగ్గరి దూరాలకు తగ్గట్టు తామే జరుగుతాయి. ఆ గాజు పనితనానికి తలవంచాల్సిందే.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, మరమ్మతు. నైకాన్ ఎఫ్, ఎఫ్2, లైకా ఎం కెమెరాలను ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఇంకా విప్పి సరిచేయగలరు. వాటి గురించి రాసి పెట్టిన సమాచారం ఉంది, విడిభాగాల కోసం విప్పేసిన పాత బాడీలు ఉన్నాయి. మీటరు లేని చిన్న కంపెనీ కెమెరా అయితే మంచి పనివాడు ఎలాగోలా సరిచేస్తాడు. కానీ మిరాండా, పెట్రీ లాంటి కంపెనీలు 1970ల రెండో సగంలోనే మూతపడ్డాయి. వాటి కెమెరాల లోపలి తీగ ఒకటి తెగినా, పంటి చక్రం ఒకటి అరిగినా, అలాంటిదే ఇంకో కెమెరాను బలిపెట్టి తీయడం తప్ప దారి లేదు. మీ కోనికా కూడా ఈ వరసలోనిదే. కోనికా 2003లో మినోల్టాతో కలిసింది, 2006లో ఆ ఉమ్మడి సంస్థ కెమెరా వ్యాపారం నుంచే తప్పుకుంది. అందుకని మీకు అదే మోడల్ ఇంకొకటి, పనిచేయనిది అయినా సరే, ఎక్కడైనా కనబడితే తీసి పెట్టుకోండి. అది మీ విడిభాగాల పెట్టె.

మూడోది మౌంట్, అంటే లెన్సును బాడీకి తగిలించే చోటు. నైకాన్ ఎఫ్ మౌంట్ 1959లో వచ్చి దశాబ్దాలు సాగింది కాబట్టి లెన్సులకు కొదవ లేదు. ఎం42 మర మౌంట్, 1975లో పెంటాక్స్ తెచ్చిన కే మౌంట్ ఇంకా మంచివి, ఎందుకంటే వాటిని ఇతర కంపెనీలూ వాడుకున్నాయి. రికో, చినాన్, కొసీనా బాడీలకు పెంటాక్స్ లెన్సు తగులుతుంది. పేరు లేని బాడీ కొనాలనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ రెండు మౌంట్లే. కోనికా మౌంట్‌కు అలాంటి బంధువులు లేరు. దానిలో ఫిల్ముకూ లెన్సు కూర్చునే అంచుకూ మధ్య దూరం 40.5 మి.మీ. మిగతా చాలా ఎస్ఎల్ఆర్‌ల కన్నా ఇది తక్కువ కాబట్టి హెక్సనాన్ లెన్సును వాటికి తగిలిస్తే దూరపు వస్తువుల మీద ఫోకస్ కుదరదు. ఈ కారణంగానే చాలాకాలం వీటిని ఎవరూ అడగలేదు. అద్దం లేని డిజిటల్ కెమెరాలు వచ్చాక అడాప్టర్‌తో ఇవి హాయిగా పనిచేస్తాయని తేలింది, లెన్సుల విలువ అప్పుడు జనానికి తెలిసింది. వాటి పదును ఎప్పుడూ అంతే ఉంది.

పెద్ద పేర్లన్నీ మరమ్మతుకు సులువని కూడా అనుకోకండి. 1976 నాటి కానన్ ఏఈ-1 ఎంతో పేరు తెచ్చుకుంది, ఆ పేరుకు అర్హత కూడా ఉంది. కానీ దాని షట్టర్‌ను నడిపేది ఎలక్ట్రానిక్స్, బ్యాటరీ అయిపోతే ఒక్క ఫొటో కూడా తీయదు. వయసు మీదపడిన వాటిలో అద్దాన్ని కదిలించే భాగం ఎండిపోయి, నొక్కినప్పుడల్లా కీచుమనే శబ్దం రావడం మామూలు. మీ టీ3 షట్టర్ పూర్తిగా యాంత్రికం. బ్యాటరీ లేకపోయినా అన్ని వేగాలూ పనిచేస్తాయి, ఆగేది మీటరు ఒక్కటే.

సోవియట్ కెమెరాల గురించి మీరు అడగలేదు, కానీ పేరు లేని కెమెరాలు అనగానే అందరూ వాటి దగ్గరికే వెళ్తారు కాబట్టి నాలుగు మాటలు. ఫెడ్, జోర్కీలు లైకా 2 నమూనా నుంచి పుట్టాయి. యుద్ధం తర్వాత జర్మనీ నుంచి తరలించిన యంత్ర సామగ్రితో కియెవ్ కెమెరాలు మొదలయ్యాయి, వాటి మూలం కాంటాక్స్. జుపిటర్-8 లెన్సు జైస్ సోనార్ వంశంది, హీలియోస్-44 జైస్ బయోటార్ వంశంది. వంశంలో లోపం లేదు. లోపం ఒక కెమెరాకూ ఇంకో కెమెరాకూ మధ్య ఉన్న తేడాలో ఉంది. ఒకే మోడల్ నాలుగు తీసుకుంటే రెండు ముచ్చటగా పనిచేస్తాయి, ఒకటి ఫోకస్ తప్పుతుంది, ఒకటి ఫిల్మును చింపుతుంది. ఓపిక ఉండి, పరీక్షించి తీసుకోగలిగితే జుపిటర్-8తో తీసిన మనుషుల చిత్రాల్లో ఒక మెత్తదనం ఉంటుంది, నాకు అది చాలా ఇష్టం. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి: జోర్కీల్లో ఫిల్ము తిప్పి షట్టర్ ఎక్కుపెట్టిన తర్వాతే వేగం మార్చాలి. ముందే మార్చితే లోపలి యంత్రం దెబ్బతినవచ్చు.

పెద్ద నెగెటివ్ కెమెరాల్లో ఈ పోలిక ఇంకా సులువు. యాషికా మ్యాట్-124జీలో నాలుగు గాజుల టెస్సార్ తరహా లెన్సు, రోలీఫ్లెక్స్ 2.8ఎఫ్‌లో ఐదు గాజుల ప్లానార్ లేదా జెనోటార్. ఎఫ్/8 దాటాక ఆరు సెంటీమీటర్ల చదరపు నెగెటివ్ మీద రెండిటికీ తేడా వెతుక్కోవాలి. రోలీఫ్లెక్స్ పిడి తిప్పితే కలిగే ఆ నునుపు మాత్రం వేరు.

పేరు లేని వాటిలో నిజంగా నాసిరకం సరుకూ ఉంది, దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. బయటికి ఎస్ఎల్ఆర్‌లాగా కనిపిస్తూ లోపల ఒకే వేగం షట్టర్, కదలని ఫోకస్, ప్లాస్టిక్ లెన్సు ఉండేవి కొన్ని వచ్చాయి. బరువు తెలియాలని అడుగున ఇనుప ముక్క పెట్టేవారు. లెన్సు ఊడి రాకపోతే, వేగాలు మార్చే చక్రం లేకపోతే, లెన్సు వెనక అద్దం లేకపోతే అది మనం మాట్లాడుకుంటున్న జాతి కాదు.

ఇక కెమెరా స్థితి ఎలా చూడాలి. దీన్ని నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మొదట్లో ఒక ప్రసిద్ధ కంపెనీ కెమెరాను, పైన ఒక్క గీత కూడా లేకుండా మెరుస్తుంటే, పేరు చూసి తీసుకున్నాను. పైన పటారం లోన లొటారం అంటారే, సరిగ్గా అదే. ఏళ్ల తరబడి ఎవరూ వాడక నూనె గడ్డకట్టి నెమ్మది వేగాలు నిలిచిపోయాయి, లెన్సు లోపల బూజు గాజు పూతను తినేసింది. వాడకంతో అంచులు అరిగిన కెమెరాలే తరచుగా లోపల ఆరోగ్యంగా ఉంటాయని ఆ తర్వాత చాలాసార్లు చూశాను.

మీ టీ3 వెనక తలుపు తెరిచి, లెన్సు తీసి, వెలుతురు వైపు పట్టుకోండి. ఒక సెకను పెట్టి నొక్కితే గడియారంతో సరిపోవాలి, మధ్యలో ఆగిపోకూడదు. అక్కడి నుంచి ఒక్కొక్క వేగం పెంచుతూ పోండి. ప్రతి మెట్టులోనూ శబ్దం కురచ అవుతున్నట్టు చెవికి తెలియాలి. 1/1000 దగ్గర మొత్తం చట్రం ఒక్కసారి మెరిసినట్టు కనిపించాలి, ఒక పక్క చీకటిగా ఉంటే రేకులు బద్ధకిస్తున్నాయి. 1/1000 అని రాసి ఉన్నచోట నిజానికి 1/600 వస్తే కంగారుపడకండి. రంగుల నెగెటివ్ ఫిల్ము అంతకన్నా పెద్ద తేడాలనే ఓర్చుకుంటుంది. స్లైడ్ ఫిల్ము మాత్రం ఓర్చుకోదు.

లెన్సులోకి ఒక టార్చి వెలుగు వేసి అవతలి వైపు నుంచి చూడండి. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోకండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే బూజు. గాజంతా పాలు పూసినట్టు ఉంటే ఆవిరి పొర, అది ఫొటోలో తెలుపు నలుపుల తేడాను చంపేస్తుంది. తర్వాత ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తోందేమో చూడండి. నూనె పట్టిన రేకులు ఫొటో క్షణంలో సమయానికి మూసుకోవు, ఫొటోలన్నీ తెల్లబోతాయి. ఎపర్చర్‌ను కెమెరాయే నడిపే మీ మోడల్‌లో ఇది మరీ ముఖ్యం.

వెనక తలుపు అంచుల్లో, అద్దం తగిలే చోట నల్లటి స్పంజి ఉంటుంది. యాభై ఏళ్ల తర్వాత అది తారులా జిగటగా మారడం దాదాపు ఖాయం, ఏ కంపెనీదైనా సరే. అగ్గిపుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది అతికించండి. ఆ ముక్కలు అద్దం మీద పడకుండా చూసుకోండి. అద్దాన్ని గుడ్డతో తుడవకండి, దాని పూత పైనే ఉంటుంది, ఒక్క తుడుపుకే గీతలు పడతాయి.

మీటరు సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే ఈ కెమెరాలను జనం పాడైపోయాయని పారేయడానికి ఎక్కువగా కారణం ఇదే. మీ టీ3 రెండు పాదరసం బ్యాటరీల కోసం తయారైంది, ఒక్కొక్కటి 1.35 వోల్టులు. అలాంటివి ఇప్పుడు తయారుచేయడం లేదు. వాటి బదులు 1.5 వోల్టుల ఆల్కలైన్ బిళ్లలు వేస్తే మీటరు వెలుతురును ఎక్కువగా చూపిస్తుంది, ఫొటోలు నల్లబడతాయి, కెమెరా చెడిపోయిందని అనుకుంటారు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ లాంటి కొన్నిటి సర్క్యూట్ మాత్రమే ఈ తేడాను సర్దుకుంటుంది. చెవి మిషన్లలో వాడే 675 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీలు మీ కెమెరాకు సరిపోతాయి, వాటి వోల్టేజి పాతదానికి చాలా దగ్గర. బ్యాటరీ మీద అంటించిన కాగితం తీసి కొన్ని నిమిషాలు గాలి తగలనిచ్చి వేయండి. కొద్ది వారాల్లో అయిపోతాయి, కాబట్టి రెండు జతలు దగ్గర ఉంచుకోండి.

ఇదంతా అయ్యాక ఐఎస్‌ఓ 200 రంగుల నెగెటివ్ రీలు ఒకటి వేయండి. మొదటి పన్నెండు ఫ్రేములు మీటరును నమ్మి ఆటోలో, అంటే ఎపర్చర్ రింగును ఏఈ లేదా ఈఈ గుర్తు దగ్గర పెట్టి తీయండి. తర్వాతి పన్నెండు అవే దృశ్యాలను ఫోనులోని మీటరు యాప్ చెప్పినట్టు చేత్తో అమర్చి తీయండి. మిగిలినవి లెన్సు పూర్తిగా తెరిచి, దగ్గరివీ దూరానివీ కలిపి తీయండి. ప్రతి ఫ్రేముకూ వేగం, ఎపర్చర్ ఒక కాగితం మీద రాసుకోండి. డెవలప్ చేయించాక ప్రింట్లు కాకుండా నెగెటివ్‌లనే వెలుతురుకు పట్టి చూడండి. ఫ్రేముల మధ్య ఎడం సమానంగా ఉందా, అంచుల్లో నల్లటి చారలు పడ్డాయా, మొదటి పన్నెండూ రెండో పన్నెండూ ఒకే సాంద్రతతో ఉన్నాయా, ఇవి చూడాలి. నెగెటివ్‌లు పలచగా ఉంటే మీటరు వెలుతురును ఎక్కువగా చదువుతోంది, చిక్కగా ఉంటే ఎపర్చర్ రేకులను అనుమానించాలి. ఆ నెగెటివ్‌లను, రాసుకున్న కాగితాన్ని పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నాకు చూపించండి. ఎక్కడ చేయి పెట్టాలో అప్పుడు కచ్చితంగా చెప్పగలను.